అనంతపురానికి కాల్ చేస్తే ఖాళీ సమావేశం తెరుచుకుంటోంది: గ్నూ గేట్‌కీపర్ సమస్య

పెన్నాతీరం | సోమవారం, ఉదయం 11:52

అందరికీ నమస్కారం. రాయలసీమలో శాఖలున్న ఒక వైద్య సంస్థలో వీడియో కాన్ఫరెన్స్ వ్యవహారం నా చేతిలో ఉంది. కర్నూలులో లైనక్స్ సర్వరు మీద గ్నూ గేట్‌కీపర్ (ఏ నంబరు యూనిట్ ఏ చిరునామాలో ఉందో రాసుకుని కాల్స్ కలిపే ప్రోగ్రాము) నడుస్తోంది. అనంతపురం, కడప, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో పాలీకామ్, టాండ్‌బర్గ్ గది యూనిట్లు ఉన్నాయి. అన్నీ హెచ్.323 అనే పాత వీడియో కాల్ ప్రమాణానివే. నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడుకోవడానికి ఒక ఎంసీయూ (అందరి కాల్స్‌నూ ఒకే సమావేశంలో కలిపే యంత్రం) ఉంది, అది కూడా అదే గేట్‌కీపర్‌లో నమోదవుతుంది. శాఖలన్నీ వీపీఎన్‌లో, అంటే మా ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉన్నాయి. నాకంటే ముందున్న ఆయన పెట్టిన ఏర్పాటు ఇది. కాగితం మీద ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

కొన్ని ఉదయాలు కర్నూలు డాక్టరు గారు అనంతపురానికి డయల్ చేస్తే ఎవరూ ఎత్తరు. కాసేపాగి చేస్తే వెంటనే కలుస్తుంది, కానీ తెర నల్లగా ఉంటుంది, ఈ సమావేశంలో మీరొక్కరే ఉన్నారని సందేశం వస్తుంది. అనంతపురంలో యూనిట్ మోగనే లేదని అక్కడివారు ఒట్టేసి చెబుతున్నారు. ఇక్కడి డాక్టర్లేమో వాళ్లు కావాలనే కెమెరా మూసేసి కూర్చున్నారంటారు. యూనిట్‌ను ఒకసారి ఆపి, తిరిగి వేస్తే మళ్లీ బాగుంటుంది. నంద్యాలకు కూడా ఇలా జరిగింది కానీ తక్కువ.

ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి?

మీటలమేస్త్రి | సోమవారం, మధ్యాహ్నం 12:10

ఈ రోజుల్లో కూడా హెచ్.323 ఏమిటండీ! ఆ డబ్బాలన్నీ పక్కన పెట్టి జిట్సీ వేసుకోండి. బ్రౌజరు ఉంటే చాలు, నమోదు గొడవే లేదు.

రాత్రిడ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 12:31

మేస్త్రి గారూ, ఆ డబ్బాలకు బ్రౌజరు లేదు. జిట్సీ వెబ్‌ఆర్‌టీసీ అనే బ్రౌజరు పద్ధతి మీద నడుస్తుంది, ఈ పాత గది యూనిట్లకు ఆ భాష రాదు. జిగాసీ అనే వారధి పెట్టి సిప్ (ఇంకో కాల్ ప్రమాణం) ద్వారా కలపవచ్చు కానీ అప్పుడు సర్దుకోవాల్సినవి ఒకటికి మూడవుతాయి. పైగా ఆసుపత్రిలో ఆ జూమ్ కెమెరా విలువే వేరు. కర్నూలులో కూర్చున్న డాక్టరు అనంతపురంలోని రోగి పుండును దగ్గరగా చూడాలంటే ల్యాప్‌టాప్ కెమెరాతో అయ్యే పని కాదు. డబ్బు పెట్టి కొన్నవి, పనిచేస్తున్నవి, వాటిని ఎందుకు పారేయాలి?

తీగలమనిషి | సోమవారం, మధ్యాహ్నం 1:05

పెన్నాతీరం గారూ, మీరు చెప్పిన వరుస నాకు ఆసక్తిగా ఉంది. ముందు ఎవరూ ఎత్తరు, తర్వాత ఖాళీ గది. ఒకే జబ్బయితే లక్షణం అలా మారదు. రెండు వేర్వేరు లోపాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నట్టున్నాయి.

కొన్ని సంగతులు చెప్పండి. యూనిట్లకు ఇచ్చిన ఈ.164 నంబర్లు, అంటే డయల్ చేసే నంబర్లు ఏమిటి? ఎంసీయూ మామూలు టెర్మినల్‌గా నమోదైందా, గేట్‌వేగా ఏదైనా ప్రిఫిక్స్‌తో (ఆ అంకెలతో మొదలయ్యే కాల్స్ తనకు వచ్చేలా) నమోదైందా? ఆకృతీకరణ ఫైలులో టైమ్‌టులివ్ (నమోదు ఎన్ని సెకన్లు చెల్లుతుందో చెప్పే గడువు) విలువ ఎంత ఉంది? యూనిట్లకు ఐపీ చిరునామాలు మీరు చేత్తో ఇచ్చారా, అక్కడి రౌటరు పంచుతోందా?

ఇంకొకటి. యూనిట్ తెర మీద పచ్చ గుర్తు చూసి నమోదైందని నమ్మవద్దు. గేట్‌కీపర్ సర్వరులోనే 7000 పోర్టుకు టెల్‌నెట్ చేసి ‘ఆర్‌వీ’ అని కొట్టండి. ఎవరెవరు ఏ చిరునామాతో నమోదయ్యారో మొత్తం జాబితా వస్తుంది. ఎవరూ ఎత్తనప్పుడు ఒకసారి, ఖాళీ గది తెరుచుకున్నప్పుడు ఒకసారి చూడండి. ఆ రెండు జాబితాలకూ తేడా ఉండి తీరాలి.

పెన్నాతీరం | మంగళవారం, ఉదయం 11:40

ఈ ఉదయం మళ్లీ జరిగింది, చూడగలిగాను.

నంబర్లు ఆ ఊరి ఎస్‌టీడీ కోడ్‌ను బట్టి పెట్టారు. మొదటి సున్నా తీసేసి చివర 01 కలిపారు. కర్నూలు 851801, అనంతపురం 855401, కడప 856201, నంద్యాల 851401, ప్రొద్దుటూరు 856401. గుర్తుంచుకోవడానికి తేలికని డాక్టర్లకు చాలా ఇష్టం. సమావేశ గదులు 8500 నుంచి 8599 వరకు. ఎంసీయూ గేట్‌వేగా 85 ప్రిఫిక్స్‌తో నమోదైంది. ఏ నంబరు వచ్చినా అప్పటికప్పుడు కొత్త సమావేశం తెరవాలన్న ఐచ్ఛికం అందులో వేసి ఉంది. టైమ్‌టులివ్ 3600. చిరునామాలు ఆయా శాఖల రౌటర్లే పంచుతాయి.

అనంతపురంలో 9:30 ప్రాంతంలో కరెంటు పోయి వచ్చింది. తర్వాత నేను చూసినప్పుడు జాబితాలో అనంతపురం ఉంది, కానీ చిరునామా చివర 22. యూనిట్ తెర మీద చూడమంటే అక్కడ 37 అని ఉంది. లాగ్‌లో ఆ 37 నుంచి ఆర్‌ఆర్‌క్యూ (నమోదు కోరే సందేశం) వచ్చినట్టు, దానికి మన సర్వరు ‘డూప్లికేట్ అలియాస్’ అంటూ ఆర్‌ఆర్‌జే (తిరస్కరణ) పంపినట్టు ఉంది. 10:45కు మళ్లీ చూస్తే జాబితాలో అనంతపురమే లేదు. సరిగ్గా అప్పటి నుంచే ఖాళీ గది.

*(వేదిక నిర్వాహకుని సూచన: లాగ్ పూర్తి పాఠంలో సర్వరు బయటి చిరునామా, సంకేతపదాల వరుస కనిపిస్తున్నందున దాన్ని తొలగించాం. లాగులు పెట్టేముందు అవి చెరిపేయండి.)*

తీగలమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 12:25

మొత్తం కథ ఇందులోనే ఉందండీ.

కరెంటు పోయినప్పుడు మీ యూనిట్ గేట్‌కీపర్‌కు చెప్పి వెళ్లలేదు. మామూలుగా ఆపితే యూఆర్‌క్యూ పంపి పేరు కొట్టేయించుకుంటుంది, తీగ పీకేస్తే ఆ అవకాశం లేదు. లాడ్జిలో గది ఖాళీ చేసిన మనిషి కౌంటరులో చెప్పకుండా వెళ్లిపోతే రిజిస్టరులో ఆయన పేరు అలాగే ఉంటుంది కదా, అదే ఇది. కరెంటు వచ్చింది, రౌటరు లేచింది. యూనిట్ లేవడానికి సమయం పడుతుంది, ఈలోపు సిబ్బంది ఫోన్లన్నీ వైఫైలోకి ఎక్కి చిరునామాలు పట్టేసుకున్నాయి. పాత 22 ఎవరి జేబులోకో వెళ్లింది, యూనిట్‌కు 37 వచ్చింది. ఇప్పుడది కొత్త చిరునామాతో వచ్చి ‘నేను 855401’ అంటే, ఆ పేరుగల మనిషి ఇప్పటికే ఉన్నాడని గేట్‌కీపర్ తిప్పి పంపింది. 3600 అంటే గంట. ఆ గంటా డాక్టరు గారి కాల్ 22కు, అంటే ఎవరిదో ఫోనుకు వెళ్తోంది. అక్కడ హెచ్.323 కాల్స్ వచ్చే 1720 పోర్టు మీద వినేవాడు ఎవడూ లేడు. ఎవరూ ఎత్తకపోవడం అందుకే.

గంట దాటాక పాత నమోదు గడువు తీరిపోయింది, పేరు పోయింది. ఆ క్షణంలో యూనిట్ మళ్లీ అడిగితే నమోదయ్యేదే. కొన్ని యూనిట్లు ఒకసారి తిరస్కరిస్తే చాలాసేపు అలిగి కూర్చుంటాయి, కొన్ని ఆపి మళ్లీ వేసేదాకా కదలవు. ఈ వ్యవధిలో 855401కు కాల్ వస్తే గేట్‌కీపర్ ముందు అచ్చంగా ఆ నంబరు ఎవరికైనా ఉందా అని చూస్తుంది. లేదు. తర్వాత ప్రిఫిక్స్‌లు చూస్తుంది. 85తో మొదలయ్యేవన్నీ నావేనని ఎంసీయూ రాయించుకుంది. ఎంసీయూకు 855401 అనే గది లేకపోయినా, ఏ నంబరు వచ్చినా కొత్త సమావేశం తెరవమని చెప్పారు కనుక తెరిచింది. డాక్టరు గారు ఒంటరిగా అందులో కూర్చున్నారు.

కర్నూలు 08518, అనంతపురం 08554, కడప 08562. సీమలో మీ శాఖలున్న ఊళ్లన్నీ 085తోనే మొదలవుతాయి. ప్రిఫిక్స్ 85 అని పెట్టినాయన సమావేశ గదుల గురించే ఆలోచించి ఉంటారు. శాఖలన్నీ అందులోకి వచ్చేశాయి.

ముందుగా ఆ ప్రిఫిక్స్ మార్చండి. ఏ శాఖ నంబరూ మొదలుకాని అంకె తీసుకోండి, 7 బాగుంటుంది. గదులు 7001, 7002 ఇలా. ఎంసీయూలో ‘తెలియని నంబరుకు కొత్త సమావేశం’ అన్నది తీసేయండి. దీనితో జబ్బు పోదు, కానీ డాక్టరుకు అబద్ధం చెప్పడం ఆగుతుంది. లేని మనిషి లేడనే తెలుస్తుంది. నాకైతే అదే ముఖ్యం. కాల్ కలవకపోవడం కంటే, కలిసినట్టు నటించడం ఎక్కువ ప్రమాదం.

కోటగుమ్మం | మంగళవారం, మధ్యాహ్నం 2:18

చక్కగా వివరించారు. సిప్ వైపు ఉన్నవారి కోసం ఒక మాట. అక్కడ ఇదే పరిస్థితి వేరేలా బయటపడుతుంది. సిప్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3261 ప్రకారం ఒకే సిప్ పేరు మీద ఎన్ని ‘కాంటాక్ట్’లైనా (యంత్రాల చిరునామాలు) నమోదు కావచ్చు. కొత్త ఐపీతో వచ్చిన ఫోనును రిజిస్ట్రార్ (నమోదులు రాసుకునే సర్వరు) తిరస్కరించదు, పాతదాని పక్కన రాసుకుంటుంది. కాల్ వస్తే రెండింటికీ చీలుతుంది, బతికి ఉన్నది మోగుతుంది, చచ్చినది గడువు తీరాక రాలిపోతుంది. హెచ్.323లో ఒక పేరుకు ఒకే మనిషి అన్న పట్టింపు ఎక్కువ.

గడువు మరీ తక్కువ అడిగితే సిప్ రిజిస్ట్రార్ 423 అని జవాబిచ్చి, కనీసం ఇంత ఉండాలని చెబుతుంది. ఇక మీ దగ్గర టైమ్‌టులివ్ 3600 ఎందుకండీ, 60 చేసుకోండి.

పాతమోడెమ్ | మంగళవారం, సాయంత్రం 4:02

60తో నేను ఏకీభవించను. వీపీఎన్ ఒక్క నిమిషం తడబడినా నాలుగు శాఖలూ ఒకేసారి జాబితాలోంచి రాలిపోతాయి. మళ్లీ అడగకుండా అలిగే యూనిట్లని తీగలమనిషి గారే అన్నారు కదా. అలాంటి వాటికి అతి తక్కువ గడువు పెడితే కొత్త తలనొప్పి. 300 పెట్టండి. గడువులోపు పంపే ఆర్‌ఆర్‌క్యూ కూడా పూర్తి సమాచారంతో కాదు, ‘ఇంకా ఉన్నాను’ అని చెప్పే తేలికపాటిది. అయిదు యూనిట్లకు సర్వరు మీద బరువేమీ పడదు.

దీనికి అసలు మందు గడువు కాదు, చిరునామా. శాఖ రౌటరులో యూనిట్ మ్యాక్ చిరునామాకు (ఆ యంత్రానికే ప్రత్యేకమైన మారని గుర్తు) ఒక ఐపీని కేటాయించి పెట్టండి. 22 ఎప్పుడూ ఆ యూనిట్‌కే. కరెంటు పోయి వచ్చినా అదే చిరునామాతో వస్తుంది, అదే చిరునామాతో అదే పేరు అడిగితే గేట్‌కీపర్‌కు అభ్యంతరం ఉండదు.

సర్వర్‌గది | మంగళవారం, రాత్రి 9:15

గ్నూ గేట్‌కీపర్‌లో సరిగ్గా ఈ పరిస్థితికే ఒక ఐచ్ఛికం ఉంది. ‘రాస్‌సర్వ్ ఆర్‌ఆర్‌క్యూ‌ఫీచర్స్’ విభాగంలో ‘ఓవర్‌రైట్ ఈపీ ఆన్ సేమ్ అడ్రస్’ అనేదాన్ని 1 చేయండి. అదే పేరుతో వేరే చిరునామా నుంచి నమోదు అడిగితే, పాత చిరునామాకు యూఆర్‌క్యూ పంపి ఆ వరుస చెరిపేసి కొత్తదాన్ని రాసుకుంటుంది. మోడెమ్, ఏడీఎస్‌ఎల్ కాలంలో చిరునామాలు తరచూ మారేవాళ్ల కోసం పెట్టినది.

అయితే సంకేతపదం లేకుండా దీన్ని వేయకండి. మీ వీపీఎన్‌లో ఎవరైనా కంప్యూటరులో ఒక సాఫ్ట్‌ఫోను వేసుకుని 851801 అని నమోదు చేసుకుంటే కర్నూలు డాక్టరు గారి కాల్స్ అన్నీ వాళ్లకు వెళ్తాయి. ‘సింపుల్ పాస్‌వర్డ్ ఆథ్’ను ఆర్‌ఆర్‌క్యూకు తప్పనిసరి చేయండి. సంకేతపదాన్ని నేరుగా ఫైలులో రాయకుండా, దానితో వచ్చే ‘యాడ్‌పాస్‌వర్డ్’ పనిముట్టుతో మార్చి పెట్టండి.

ఇక్కడొక చిక్కు. హెచ్.235 అనే భద్రతా పద్ధతిలో సంకేతపదం పంపేటప్పుడు సమయం కూడా కలిపి పంపుతుంది. పాత యూనిట్లలో గడియారం బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చాక తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్తుంది. అప్పుడు సంకేతపదం సరైనదే అయినా సర్వరు తిరస్కరిస్తుంది. ప్రతి యూనిట్‌లో ఎన్‌టీపీ (సరైన సమయం అందించే) సర్వరు చిరునామా ఇచ్చారో లేదో చూసుకోండి. మీకు కరెంటు కోతలే అసలు సమస్య కనుక ఇది ముందే చెబుతున్నాను.

పెన్నాతీరం | గురువారం, సాయంత్రం 5:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ప్రిఫిక్స్ 7 చేశాను. అన్ని శాఖల రౌటర్లలో చిరునామాలు కేటాయించాం. టైమ్‌టులివ్ 300. ఎన్‌టీపీ అనంతపురంలో నిజంగానే ఖాళీగా ఉంది, నింపాం. సంకేతపదాలు వచ్చే వారం పెడతాం, ఓవర్‌రైట్ అప్పటిదాకా వేయను. ఈ మధ్యాహ్నం కడప యూనిట్ తీగ కావాలనే పీకించి చూశాం. గడువు తీరాక డయల్ చేస్తే అందుబాటులో లేరని వచ్చింది, ఖాళీ గది రాలేదు. తీగ పెట్టగానే అదే చిరునామాతో నమోదైంది. నంబర్లు మాత్రం ఎస్‌టీడీ కోడ్లే ఉంచాను, అవి మారిస్తే డాక్టర్లు ఊరుకోరు.

ఇప్పుడు ఇంకొకటి. హిందూపురంలో కొత్త శాఖ తెరిచారు, 855601 ఇచ్చాను. అక్కడ వీపీఎన్ లేదు, మామూలు బ్రాడ్‌బ్యాండ్. కర్నూలు సర్వరు బయటి చిరునామాకు చక్కగా నమోదవుతోంది. వాళ్లు చేస్తే కలుస్తుంది, కానీ వాళ్ల బొమ్మ మాకు వస్తుంది, మా బొమ్మ వాళ్లకు వెళ్లదు. మేం చేస్తే మోగదు.

మీటలమేస్త్రి | గురువారం, సాయంత్రం 6:11

ఆ రౌటరులో 1720 పోర్టును యూనిట్‌కు మళ్లించండి. అయిపోతుంది.

రాత్రిడ్యూటీ | గురువారం, రాత్రి 11:48

దయచేసి అలా చేయకండి. అంతర్జాలంలో 1720 తెరిచి ఉన్న యంత్రాల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. మా దగ్గర ఒకప్పుడు అలాగే తెరిచి ఉండేది. అర్ధరాత్రి సమావేశ గదిలో టీవీ వెలిగి, ఏదో పేరుమోసిన కంపెనీ పేరుతో కాల్ మోగేది. కాపలాదారు దయ్యమని ఆ అంతస్తుకు వెళ్లడం మానేశాడు. ఇది నవ్వుకునే సంగతి మాత్రమే కాదు. 2012 జనవరిలో రాపిడ్‌7 అనే కంప్యూటర్ భద్రతా సంస్థకు చెందిన హెచ్‌.డి. మూర్ అంతర్జాల చిరునామాల్లో కొద్ది భాగాన్ని జల్లెడపట్టి, కాల్ వస్తే దానంతటదే ఎత్తేలా ఉన్న యూనిట్లు సుమారు 5,000 దొరికాయని చూపించాడు. గదిలో ఎవరూ ముట్టుకోకుండానే బయటివాడు కెమెరాలోంచి చూడగలడు. మీవి రోగులను చూసే గదులు. ముందు అన్ని యూనిట్లలో ఆటో ఆన్సర్ తీసేయండి.

హిందూపురం సంగతి. యూనిట్ రౌటరు వెనక, లోపలి చిరునామాతో ఉంది. నమోదు లోపలి నుంచి బయటికి వెళ్తుంది కనుక పనిచేస్తుంది. కాల్ బయటి నుంచి లోపలికి రావాలి, దానికి దారి లేదు. పైగా ‘బొమ్మ ఇక్కడికి పంపు’ అని యూనిట్ తన లోపలి చిరునామానే సందేశంలో రాసి పంపుతోంది. మీ వైపు యంత్రం ఆ చిరునామాకు పంపుతోంది, అది హిందూపురం చేరదు. ఒకవైపే బొమ్మ రావడానికి కారణం అదే.

దీనికోసమే హెచ్.460.18, హెచ్.460.19 వచ్చాయి. మొదటిది కాల్ సంకేతాలకు, రెండోది బొమ్మ, శబ్దాలకు. కాల్ వచ్చినప్పుడు గేట్‌కీపర్ నేరుగా యూనిట్‌ను పిలవదు. నమోదు కోసం ఇప్పటికే తెరుచుకున్న 1719 యూడీపీ దారిలో ‘నీకు కాల్ ఉంది’ అని కబురు పంపుతుంది. యూనిట్ తానే లోపలి నుంచి బయటికి వచ్చి కలుస్తుంది. సర్వరులో రూటెడ్ మోడ్ (కాల్ సంకేతాలు గేట్‌కీపర్ ద్వారానే వెళ్లే పద్ధతి) వేసి, హెచ్.245ను (బొమ్మ, శబ్దాల గురించి యూనిట్లు కుదుర్చుకునే సంకేతాలు) కూడా అందులోంచే నడిపించి, ‘ఎనేబుల్ హెచ్46018’ను 1 చేయండి, ప్రాక్సీ విభాగాన్ని తెరవండి. సర్వరు కూడా ఫైర్‌వాల్ వెనకే ఉంటే బయటి చిరునామాను ‘ఎక్స్‌టర్నల్ ఐపీ’లో రాయండి. ఆర్‌టీపీ (బొమ్మ, శబ్దం వెళ్లేవి), హెచ్.245 పోర్టుల పరిధులను మీరే నిర్ణయించి, అంతమేరకే కర్నూలు ఫైర్‌వాల్‌లో తెరవండి. యూనిట్‌లో కూడా హెచ్.460 అన్న చోట టిక్ పెట్టాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

రెండు చోట్ల జాగ్రత్త. హిందూపురం రౌటరులో హెచ్.323 ఏఎల్‌జీ అని ఉంటే ఆపేయండి. అది సహాయం చేస్తున్నాననుకుని ప్యాకెట్ల లోపల చిరునామాలు మార్చేస్తుంది, గేట్‌కీపర్ లెక్కలన్నీ తప్పుతాయి. రెండోది, ఇళ్లల్లో వాడే రౌటర్లు కదలిక లేని యూడీపీ దారిని నిమిషంలోపే మూసేయవచ్చు. మీ 300 సెకన్ల గడువు వీపీఎన్ శాఖలకు బాగానే ఉంటుంది, హిందూపురానికి మాత్రం చాలదు. ఆ దారి మూసుకుంటే మీ కబురు వెళ్లదు, కానీ జాబితాలో యూనిట్ నమోదైనట్టే కనిపిస్తుంది.

పాతమోడెమ్ | శుక్రవారం, ఉదయం 8:20

గడువు బాగా తగ్గించమన్న కోటగుమ్మం గారి మాట హిందూపురం దగ్గర నెగ్గింది. ఒప్పుకుంటున్నాను, ఒక్క హిందూపురానికే.

పెన్నాతీరం | శనివారం, మధ్యాహ్నం 3:40

హిందూపురం రెండువైపులా పనిచేస్తోంది. రౌటరులో ఏఎల్‌జీ వేసే ఉంది, ఆపించాం. యూనిట్‌లో హెచ్.460 టిక్ లేదు. ఆటో ఆన్సర్ మూడు శాఖల్లో వేసి ఉంది, తీసేశాం.

చివరి ప్రశ్న, వేరే చర్చ మొదలుపెట్టడమెందుకని ఇక్కడే అడుగుతున్నాను. రెండు శాఖలు మాట్లాడుకుంటుంటే, మరో రెండూ మాట్లాడుకుంటుంటే, మూడో కాల్ వెళ్లడం లేదు. లాగ్‌లో ఏఆర్‌జే (కాల్‌కు అనుమతి నిరాకరణ) అని ఉంది. ప్రతి కాల్ 768 కిలోబిట్లు. ఫైలులో ‘టోటల్ బ్యాండ్‌విడ్త్’ 40000 అని చూశాను. అది 40 మెగాబిట్లు కదా, ఎలా నిండిపోతుంది?

తీగలమనిషి | శనివారం, సాయంత్రం 4:15

అది కిలోబిట్లలో కాదండీ. హెచ్.323లో భాగమైన హెచ్.225లో బ్యాండ్‌విడ్త్ కొలమానం సెకనుకు 100 బిట్లు. 40000 అంటే 4 మెగాబిట్లే. పైగా రానూ పోనూ రెండూ కలిపి లెక్క. 768 కిలోబిట్ల కాల్ ఒక్కొక్కటి 15360 తింటుంది. రెండు కాల్స్‌కు 30720. మూడోది కలిపితే 46080, పరిమితి దాటుతుంది కాబట్టి గేట్‌కీపర్ తిరస్కరిస్తోంది. కర్నూలులో మీ లైను ఎంతో చూసి, ఆసుపత్రి మిగతా పనులకు కొంత వదిలేసి, అంకె పెంచండి. పూర్తిగా తీసేయవద్దు. ఆ పరిమితి లేకపోతే అందరి బొమ్మలూ కలిసి గడ్డకట్టే రోజు వస్తుంది. ఫైలు మార్చాక సర్వరును ఆపనక్కర్లేదు, 7000 పోర్టులో ‘రీలోడ్’ కొట్టండి.

పెన్నాతీరం | శనివారం, సాయంత్రం 5:02

100000 చేసి రీలోడ్ కొట్టాను. ప్రొద్దుటూరు, హిందూపురం ఇప్పుడు మూడో కాల్‌లో మాట్లాడుకుంటున్నారు. ఈ ఫైలులో ఏ వరుస ఎందుకుందో తెలుగులో రాసి సర్వరు గదిలో అతికిస్తున్నాను. సంకేతపదాలు పెట్టాక ఓవర్‌రైట్ ఎలా ప్రవర్తించిందో ఇక్కడే రాస్తాను.